డాబా మీద సహదేవి

ఆదివారం, కార్తీకమాసం.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కేసరికి, నీళ్ళ ట్యాంకు పక్క కుండీలో నా రెండు మొక్కలు లేవు. మట్టి తడిగా, చదునుగా ఉంది. "కలుపు పెరిగిపోయిందమ్మాయ్, నేనే పీకేశా" అన్నారు అత్తయ్య, తులసికోటకి నీళ్ళు పోస్తూ. గుండె కలుక్కుమంది. అయినా ఆవిణ్ణేమనను? పూత రాని సహదేవిని ఎవరు చూసినా కలుపనే అంటారు. గట్ల మీద, రోడ్ల పక్కన, పాత గోడల మొదళ్ళలో మొలిచేదే కదా.

నాకిది పోయినేడు వనభోజనాల్లో కనిపించింది. అందరూ ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేస్తుంటే నేను చేతులు కడుక్కోవడానికి కాలవ దగ్గరికెళ్ళాను. గట్టు మీద మోకాలెత్తు కూడా లేని సన్నటి కాడ, కొసల్లో లేత ఊదారంగు పూలు. వేరుతో సహా తెచ్చి నాటితే మూడోరోజుకి వాలిపోయింది. తల్లివేరు లోతుగా దిగే మొక్క, పెళ్ళగిస్తే తట్టుకోలేదు. సంక్రాంతికి మళ్ళీ అటు వెళ్ళినప్పుడు విత్తనాలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్నాను.

అవి మట్టి మీద చల్లి వేలితో అదిమితే చాలు, పైన మట్టి కప్పకూడదు. నీళ్ళు ధారగా పోస్తే విత్తనమంతా ఓ మూలకి కొట్టుకుపోతుంది, అందుకని చేత్తో చిలకరించాను. మొదటి విడత మీద ప్రేమకొద్దీ వర్మీకంపోస్టు దండిగా వేశాను. ఆకులు ఏపుగా వచ్చి, కాడలు నిలబడలేక పడిపోయాయి, పూలు మాత్రం అంతంతే. ఇప్పుడు మామూలు తోటమట్టిలో గుప్పెడు ఇసక కలుపుతున్నా, అంతే. ఎండ బాగా తగిలే చోట పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్ళు పోస్తున్నా. చిగుళ్ళకి పేనుబంక పడితే మందు కొట్టను, వేళ్ళతో తుడిచి కడుగుతాను. నీలంరెక్కల చిన్న సీతాకోకలు వాలే చోట మందు కొట్టడానికి మనసొప్పదు.

అదృష్టవశాత్తూ పూసిన కుండీని అత్తయ్య ముట్టుకోలేదు. "ఒకసారి ఇలా చూడండత్తయ్యా" అని భూతద్దం చేతికిచ్చాను. కంటికి ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి ఓ గుత్తి. చిన్న పచ్చటి గిన్నెలో సన్నటి గొట్టాల్లాంటి పూలు నిలబడి ఉంటాయి, ఒక్కోదానికి అయిదు మొనలు. ఇవాళ ఒకదాంట్లో లెక్కపెడితే ఇరవై ఒకటి తేలాయి. చామంతిలా చుట్టూ రేకులుండవు, అయినా ఆ కుటుంబమే. ఆకుల మీది బూడిదరంగు నూగు చూసే 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీని శాస్త్రీయనామంలో బూడిదరంగన్న మాట చేర్చాడు.

ఆ కుటుంబంలో మనం నెత్తిన పెట్టుకునేవాళ్ళంతా పైనుంచి వచ్చినవాళ్ళే. బంతి మెక్సికోది, చామంతి చైనాది, పొద్దుతిరుగుడు అమెరికాది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే నలిపి పసరు పిండిన గడ్డిచామంతి కూడా అమెరికా వైపుదే. వయ్యారిభామ సంగతి చెప్పక్కర్లేదు, 1950ల్లో పుణెలో కనిపించింది, ఇప్పుడు ఖాళీ స్థలం ఎక్కడుంటే అక్కడ అదే. ఈ నేలకి చెందిన సహదేవికి మాత్రం మా వీధిలో ఎవరి కుండీలోనూ చోటు లేదు. కేరళవాళ్ళు నయం, దశపుష్పాల్లో దీన్నీ చేర్చుకుని పూజకి వాడుకుంటారు.

అత్తయ్య భూతద్దం కిందికి దించలేదు. కాసేపటికి, "ఇది గరిటకమ్మ కదే! మాకు జ్వరమొస్తే మా నాన్న దీని వేరు తెచ్చి తలకి కట్టేవాడు" అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

పదిన్నరకి మంచు తడి ఆరాక విత్తనాలు తీశాను. తడిగా ఉన్నంతసేపూ విత్తనం కొసనుండే తెల్లటి కుచ్చు ముడుచుకునే ఉంటుంది. ఎండకి విచ్చుకున్నాక గాలి రాకముందే అందుకోవాలి. కాడని కవరులోకి వంచి మెల్లగా దులిపితే రాలిపోయాయి. నాలుగైదు మాత్రం గోడ దాటి పక్కింటి వైపు ఎగిరాయి. కవరు మీద తేదీ రాసి అల్మరాలో పెట్టాను.

సాయంత్రం బట్టలు తీయడానికి పైకెళితే, ఆ ఖాళీ కుండీలో పొద్దున్న పీకిన రెండు మొక్కలూ మళ్ళీ నాటి ఉన్నాయి. ఆసరాకి చెరో చీపురుపుల్ల, ఎండ పడకుండా పైన తడిగుడ్డ. ఒకదాని వేరు సగానికి తెగింది, నాకు తెలుసు. అత్తయ్య చెంబుతో వచ్చి, మొదట్లో కాసిని నీళ్ళు చిలకరించి, "రేప్పొద్దున్నకి తేరుకుంటాయంటావా?" అన్నారు.

"చూద్దామత్తయ్యా" అన్నాను.