కాగితం మీద పోరంబోకు

మా ఊరి వెనక గుట్టను అందరం అడవి అనే అంటాం. వేసవి వస్తే నాయనమ్మ తెల్లారకముందే వెళ్లి బీడీలు చుట్టే తునికాకు తెంపుకొచ్చేది. అరుగు మీద కూర్చుని యాభై ఆకులకో కట్ట, నారతో ముడి. నేను లెక్క తప్పితే నెత్తిన మొట్టేది. రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ గుట్ట పోరంబోకు. (తిట్టు కాదండీ, ప్రభుత్వ భూమిలో ఒక రకమే!)

రికార్డులో ఎలా ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవైతే అడవేనని 1996లో గోదావర్మన్ అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, ప్రభుత్వ కాగితాల్లో అడవిగా ఎక్కిన నేలకే రక్షణ అన్నారు. పైగా దేశ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక రోడ్లకు మినహాయింపు! ఆ సవరణ ఇంకా బిల్లుగా ఉన్నప్పుడు పార్లమెంటు సంయుక్త కమిటీ అభిప్రాయాలు అడిగితే రెండు పేజీలు రాసి పంపాను. కమిటీ ఒక్క మార్పూ చేయకుండా బిల్లును పంపేసింది. నాలాంటివాళ్లు ఎందరు రాశారో పాపం.

2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రస్తుతానికి పాత అర్థాన్నే పాటించమంది. ప్రస్తుతానికే. ఈ వేసవిలో మళ్లీ గుట్టెక్కాను. తునికి చిగుళ్లు రాగి రంగులో మెరుస్తున్నాయి.