శ్వాస గడిలో రాసే అంకె

ఇవాళ పొద్దున డ్యూటీ మొదలయ్యే ముందు మాకందరికీ నర్సింగ్ ఫండమెంటల్స్ మీద పరీక్ష పెట్టారు. యాభై ప్రశ్నలు, గంట టైమ్. ఈ పనిలో చేరి పదకొండేళ్లయినా రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అరుదైన జబ్బు గురించి అడిగితే తెలియదని చెప్పుకోవచ్చు. మొదటి సంవత్సరంలో నేర్చుకున్నదే తప్పు రాస్తే ఏ ముఖం పెట్టుకుని వార్డులోకి వెళ్లాలి? అదీ నా టెన్షన్.

పేపరు చూశాక కాస్త కుదుటపడ్డాను. కండరానికి చేసే ఇంజెక్షన్ 90 డిగ్రీల కోణంలో, చర్మం పొరలోకి చేసేది 10 నుంచి 15 డిగ్రీల్లో. పేషెంటు ఎవరో తేల్చుకోవడానికి బెడ్ నంబరు చాలదు, పేరుతో పాటు ఇంకో ఆధారం సరిచూసుకోవాలి. డ్రిప్ లెక్క కూడా ఒకటి ఇచ్చారు. 500 మిల్లీలీటర్ల సెలైన్ ఆరు గంటల్లో ఎక్కాలి, సెట్‌లో మిల్లీలీటరుకు 15 చుక్కలు. 500ని 15తో గుణించి 360 నిమిషాలతో భాగిస్తే 20.8, అంటే నిమిషానికి 21 చుక్కలు. ఈ లెక్క చేయడం నాకు మొదటినుంచీ ఇష్టం.

బీపీ ప్రశ్న దగ్గర తప్పాను. చేతికి చుట్టే పట్టీ, అంటే కఫ్, చిన్నదైతే రీడింగ్ ఎలా వస్తుందని అడిగారు. తక్కువ వస్తుందని పెట్టాను. నిజానికి ఎక్కువ వస్తుంది. కఫ్‌లోని గాలి సంచి వెడల్పు చేయి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. సంచి ఇరుకైతే రక్తనాళాన్ని నొక్కడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, ఆ ఎక్కువంతా అంకెలో కలిసిపోతుంది. లావు చేతుల వాళ్లకి పెద్ద కఫ్ వెతకడానికి బద్ధకించిన రోజులు గుర్తొచ్చాయి. లేని బీపీని ఎవరికైనా అంటగట్టానేమో.

అయితే రోజంతా నన్ను వదలనిది సరిగ్గా రాసిన ప్రశ్నే. శ్వాస ఎలా లెక్కించాలి? పేషెంటుకు చెప్పకూడదు. తెలిస్తే ఊపిరి తీసే తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, ఛాతీ లేచి దిగడం గమనించాలి. లయ తప్పితే పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20. టిక్కు పెడుతుంటేనే మా ఛార్టుల్లో శ్వాస గడులు కళ్ల ముందు కనిపించాయి. 18, 18, 20, 18. జ్వరానికి థర్మామీటరుంది, బీపీకి మెషీనుంది. శ్వాసకి మాత్రం మన కళ్లూ, గడియారమే. పని ఎక్కువైన రోజు ముందుగా అంచనాతో నిండేది ఆ గడే. నేనూ అలా నింపాను, చాలాసార్లు. పేషెంటు పరిస్థితి దిగజారేటప్పుడు తరచుగా ముందు మారేది ఆ అంకేనని తెలిసీ.

మధ్యాహ్నం రౌండ్‌లో, పొట్ట ఆపరేషనై రెండు రోజులైన పెద్దావిడ దగ్గర ఆగాను. బీపీ బాగుంది. ఆక్సిజన్ 95. మణికట్టు పట్టుకుని సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. నిమిషానికి 27. అన్నీ పైపైన తీసే చిన్న ఊపిరులు. పొద్దున గడిలో 18 అని ఉంది. అది ఎవరు రాశారో నేను చూడలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాను.

"గట్టిగా గాలి పీలిస్తే కుట్ల దగ్గర పట్టేస్తోంది తల్లీ. మీరంతా పనిలో ఉన్నారు కదా అని చెప్పలేదు."

తల వైపు మంచం ఎత్తి, డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చి ఊపిరితిత్తులు విని, నొప్పి మందు మార్చి, ఎక్స్‌రే రాశారు. నొప్పి తగ్గాక, కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని లోతుగా ఊపిరి తీయడం ఆవిడకి నేర్పాను. మొదటి రెండుసార్లు భయపడ్డారు. మూడోసారి నా చేయి గట్టిగా పట్టుకుని పూర్తిగా తీశారు. నా పక్కనున్న జూనియర్ అమ్మాయి, "నేను లెక్కపెడతా అక్కా" అని గడియారం చేతిలోకి తీసుకుంది.

సాయంత్రానికి 22కి వచ్చింది. తర్వాతి డ్యూటీ వాళ్లకి అప్పగించే హ్యాండోవర్‌లో ఆ బెడ్ దగ్గరే నిలబడి చెప్పాను: ఎక్స్‌రే రిపోర్టు ఇంకా రావాలి, శ్వాస గంటకోసారి, నిమిషం పూర్తిగా.