హద్దులోనే ఉన్న రీడింగ్ నన్ను రెండు నెలలు తిప్పింది

మేం హైదరాబాద్ శివార్లలో రాకెట్లకి చిన్న చిన్న వాల్వులు చేస్తాం. కంపెనీ పేరు వద్దులెండి. పోయినేడాది ఐదు వాల్వులు కస్టమర్‌కి ఇవ్వాల్సి ఉండి, హీలియం లీక్ టెస్ట్, అంటే హీలియం వాయువుతో లీకు ఎంతుందో కొలవడం, నా వంతుకి వచ్చింది. నాలుగింటి రీడింగులు కాస్త అటూ ఇటూగా ఒకేలా వచ్చాయి, ఐదోది మాత్రం వాటికి పదింతలు. అయినా డ్రాయింగ్‌లో ఇచ్చిన హద్దుకి లోపలే ఉంది. మళ్లీ పెట్టి చూశాను, అంతే వచ్చింది. అప్పటికే రాత్రి తొమ్మిదైంది, పొద్దున్నే వాల్వుల్ని కుదిపి పరీక్షించే వైబ్రేషన్ టేబుల్ బుక్ అయి ఉంది, ఇంకేముంది, పాస్ అని రాసి సంతకం పెట్టి ఇంటికెళ్లిపోయాను.

వైబ్రేషన్ తర్వాత మళ్లీ చూస్తే ఆ ఐదోది హద్దు దాటేసింది.

అందరూ ఓ-రింగులు, అంటే లీకు కాకుండా సీలు వేసే రింగులు, పంపినవాళ్ల మీద పడ్డారు. నేనూ తలూపాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా దగ్గరికి వారానికి రెండు రోజులు ఒక పెద్దాయన వస్తారు, శ్రీహరికోటలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు, నెల్లూరు మనిషి. ఆయన ఎవర్నీ ఏమీ అనకుండా రికార్డులు తెప్పించుకుని, ఐదు రీడింగులూ ఒక కాగితం మీద వరసగా రాసి నా ముందు పెట్టారు.

"ఏం అబ్బయా, ఇది చూసినప్పుడు నీకేమనిపించింది?"

ఎందుకు పాస్ చేశావని అడిగుంటే ఏదో ఒకటి అల్లేవాణ్నే. ఇలా అడిగేసరికి అనుమానం వచ్చిందనీ, టైమ్ లేక వదిలేశాననీ మొత్తం కక్కేశాను.

అప్పుడు మన దేశపు మొదటి ఉపగ్రహ రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 సంగతి ఎత్తారు. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ విలేకర్ల ముందు తానే కూర్చుని, 1980 జులై 18న గెలిచినప్పుడు ప్రాజెక్టు నడిపిన కలాంని పంపారన్నది మనందరికీ తెలిసిందే, ప్రతి మోటివేషన్ క్లాసులోనూ వింటాం. ఈయన చెప్పింది ఆ మొదటి ప్రయోగం రోజు, విలేకర్ల దాకా రాకముందు జరిగింది. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటరే ప్రయోగాన్ని ఆపేసింది. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో లీకు. మిగిలింది సరిపోతుందని లెక్క తేల్చి ముందుకెళ్లారు. పైకెళ్లాక రెండో దశ అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఒక సోలినాయిడ్ వాల్వులో మలినం చేరి అది మూసుకోక, ఇంధనాన్ని మండించడానికి వాడే యాసిడ్ కారిపోయిందని తర్వాత తేలింది.

"ఎంత కారిందో చూశారు, ఎందుకు కారుతోందో చూళ్లేదు. నువ్వూ అంతే," అన్నారు. బాగానే తగిలింది.

ఐదోది విప్పాం. మైక్రోస్కోప్ కింద ఓ-రింగుకి అడ్డంగా ఒక తెల్ల పోగు, వెంట్రుక కంటే సన్నం, మేం తుడిచే గుడ్డదే. మిగతా నాలుగూ విప్పాలన్నారు పెద్దాయన. షెడ్యూల్ ఏం కావాలని మా మేనేజర్ గంటసేపు గొడవ. చివరికి విప్పితే ఒకదాంట్లో ఇంకో పోగు, అదృష్టం కొద్దీ సీలు తగలని చోట. గుడ్డ మార్చాం, రింగులు మార్చాం, టెస్టులన్నీ మొదట్నుంచి. ఫెయిల్యూర్ రిపోర్టు నాలుగుసార్లు తిరగరాశాను, ఎందుకంటే కారణం దగ్గర నేను 'అజాగ్రత్త' అని రాసినప్పుడల్లా ఆయన కొట్టేసేవారు. నిన్ను తీసేస్తే గుడ్డకి పోగులు ఊడవా అని.

కస్టమర్ రివ్యూలో పాస్ చేసిందెవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా లీడ్, "ప్రొసీజర్ అప్రూవ్ చేసింది నేను సార్, పక్కవాటితో పోల్చమని అందులో లేదు," అంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు చెక్‌లిస్టులో పక్కవాటితో పోల్చడానికి ఒక గడి ఉంది. పోయిన నెల మా జూనియర్ వచ్చి, "హద్దులోనే ఉందన్నా, కానీ మిగతావాటికంటే ఎక్కువుంది," అన్నాడు. విప్పమన్నాను. లోపల ఏమీ దొరకలేదు. రెండు రోజులు పోయాయని మేనేజర్ ఇంకా దెప్పుతూనే ఉన్నారు.