ఏరియాను దాని చెడ్డ వేళల్లో చూడాలి

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు గదుల కొలతలు చూస్తారు, వంటగదిలో వెలుతురు చూస్తారు, బాత్‌రూమ్ టైల్స్ చూస్తారు. వీధిని మాత్రం కారు దిగి గేటు దాకా నడిచే అర నిమిషంలో చూసి వదిలేస్తారు. టైల్స్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. వాన పడ్డప్పుడల్లా ఇంటి ముందు నిలిచే నీళ్లను ఏం చేస్తారు? పైగా ఇల్లు చూపించే టైము అమ్మేవాళ్లే చెబుతారు. సెలవురోజు ఉదయం 11 గంటలకు ఏ ఏరియా అయినా ప్రశాంతంగానే కనిపిస్తుంది. అందుకే ధర మాట్లాడకముందే ఇంకో మూడుసార్లు, ఎవరికీ చెప్పకుండా వెళ్లిరండి: పనిరోజు పొద్దున అందరూ ఆఫీసులకు బయల్దేరే వేళ, రాత్రి పదిన్నర తర్వాత, గట్టి వాన వెలిసిన గంటలోపు. మూడోదానికోసం వానాకాలం దాకా ఆగాల్సి వచ్చినా ఆగమనే చెబుతాను.

వానను అంతగా పట్టించుకోమనడానికి కారణం ఉంది. ‘వందేళ్ల వరద’ అనే మాట విని చాలామంది ధైర్యపడతారు, మన కాలంలో రాదులే అని. ఆ మాటకు అర్థం ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం 1 శాతం అని. 30 ఏళ్ల హోమ్‌లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం లెక్కగడితే దాదాపు 26 శాతం. నాలుగింట ఒక వంతు! వరద మ్యాపులు దొరికితే చూడండి. దొరక్కపోయినా వీధే చాలా చెబుతుంది. ప్రహరీ గోడల మీద ఒకే ఎత్తులో సాగిన మరక, కింది భాగం మాత్రమే తుప్పు పట్టిన గేట్లు, గుమ్మాల ముందు కొత్తగా కట్టిన చిన్న అడ్డుగోడలు, నేల నుంచి బాగా ఎత్తుకు జరిపిన కరెంటు మీటర్లు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ రోడ్డు వేసిన చోట ఇళ్లు రోడ్డు కంటే పల్లంలో పడిపోతాయి. గేటు దగ్గర నిలబడి ఇంటి నేల రోడ్డుకు పైన ఉందో కింద ఉందో చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు తిప్పిచూస్తే, పూడ్చేసిన కుంటలు, కాలువలు కొన్ని బయటపడతాయి.

అడిగేటప్పుడు సొంతిళ్లవాళ్లకంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లను అడగండి. తమ ఇంటి విలువ తగ్గుతుందనే భయం వాళ్లకు ఉండదు. ‘ఇక్కడ నీళ్లొస్తాయా?’ అంటే ముక్తసరిగా ‘లేదండీ’ అనేస్తారు. ‘పెద్ద వాన పడితే బండి ఎక్కడ పెడతారు?’ అని అడిగితే అసలు విషయం దానంతటదే వస్తుంది.

ప్రయాణం లెక్క ఇంటి తలుపు నుంచి ఆఫీసులో మీ సీటు దాకా వేయాలి. స్టాపుకు నడక, ఎదురుచూపు, బండి మారడం, మళ్లీ నడక అన్నీ కలిపి. 20 నిమిషాలకో బస్సు ఉందంటే, టైము చూసుకోకుండా వెళ్లేవాళ్లకు సగటున 10 నిమిషాలు నిలబడటానికే పోతాయి. మ్యాప్ యాప్‌లో పనిరోజు ఉదయం 9 గంటలకు చేరాలని పెడితే ‘35 నుంచి 60 నిమిషాలు’ లాంటి జవాబు రావచ్చు. లెక్కలోకి 60నే తీసుకోండి, ఎందుకంటే రోజూ ఆ టైముకు తగ్గట్టే బయల్దేరాల్సి ఉంటుంది. ఒక్కో వైపు అరగంట పెరిగితే, ఏడాదికి 240 పనిరోజుల చొప్పున 240 గంటలు. 8 గంటల లెక్కన 30 పనిదినాలు. ఇంకో గది ఎక్కువ వస్తుందని ఊరి చివరకు వెళ్లేముందు ఈ అంకెను ఆ గది పక్కన పెట్టి చూసుకోవాలి. ఉద్యోగాలు మారుతుంటాయి కాబట్టి, ఇప్పటి ఆఫీసు పక్క వీధికంటే రెండు మూడు వైపులకు సులువుగా వెళ్లగలిగే చోటు మేలు.

రాత్రి వెళ్లినప్పుడు పడకగది కిటికీ ఏ వైపుందో అక్కడ పావుగంట నిలబడండి. రోడ్డు రొద విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించిన హద్దు రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్, అదీ ఇంటి బయట. ఫోన్ యాప్ కచ్చితంగా కొలవదు గానీ రెండు వీధులను పోల్చడానికి సరిపోతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు రొదలా వినిపిస్తుంది. మెయిన్‌రోడ్డుకు ఆనుకున్న ఇంటికీ, మధ్యలో ఒక వరుస భవనాలు అడ్డున్న ఇంటికీ తేడా చాలా ఎక్కువ. అందుకే ఏరియా నచ్చి చప్పుడు నచ్చకపోతే ఏరియానే వదులుకోనక్కర్లేదు, ఒక వీధి లోపలికి వెళ్లి వెతకండి. వాహనాల పొగ కూడా రోడ్డు నుంచి దూరం వెళ్లేకొద్దీ గణనీయంగా తగ్గుతుంది.

‘అన్నీ దగ్గరే’ అనే మాటను కాళ్లతో కొలవాలి. 800 మీటర్లు అంటే మామూలు నడకలో 10 నిమిషాల పైచిలుకు, సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దవాళ్లకు 17 నిమిషాలు. మ్యాపులో 300 మీటర్లున్న పార్కుకు మధ్యలో రైలు పట్టాలో పెద్ద హైవేనో అడ్డుంటే ఆ దూరానికి అర్థమే లేదు.

పక్కన ఖాళీ స్థలం ఉంటే అది ఎప్పటికీ ఖాళీగా ఉండదనే అనుకోండి. అక్కడ ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది, రోడ్డు వెడల్పు చేసే గీత ఎక్కడి దాకా వచ్చింది అన్నది మాస్టర్ ప్లాన్‌లో చూడాలి. రాబోతుందంటున్న రైలు లైను సంగతి వేరు: అమ్మేవాళ్లు దాని విలువను ధరలో ముందే కలుపుకుంటారు. పనులు మొదలవని లైనుకు డబ్బు కట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

చివరగా పోలిక. పది అంశాలు రాసి, ఒక్కోదానికి మార్కులు వేసి, కూడి చూడటం చాలామంది చేసే పనే. ఇందులో పెద్ద చిక్కుంది. వరదకు 1 మార్కు పడినా పార్కుకు 9, స్కూలుకు 9 పడి ఆ ఏరియానే మొదటి స్థానంలోకి వచ్చేస్తుంది. ముందు మీ ఇంటికి అస్సలు కుదరని మూడింటిని రాసుకోండి. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ ఏరియాను కొట్టేసి, మిగిలినవాటికి మాత్రమే మార్కులు వేయండి. అలా ఒకటో రెండో మిగిలాక, వీలుంటే అదే వీధిలో మూడు నెలలు అద్దెకుండండి. ఆ అద్దె వృథా అనిపిస్తే, నచ్చని ఇంటిని అమ్మి ఇంకోటి కొనడానికి అయ్యే రిజిస్ట్రేషన్, కమిషన్, సామాన్ల తరలింపు ఖర్చులన్నీ ఒక కాగితం మీద కూడి చూడండి.