రోబోల పోరు ప్రపంచ క్రీడ కాగలదా?

రెండు యంత్రాలు మూడు నిమిషాల పాటు ఢీకొంటుంటే చూసి ఆనందించడానికి ఏ భాషా అవసరం లేదు కనుక, రోబోల పోరుకు అంతర్జాతీయ క్రీడగా ఎదిగే అర్హత ఉందని నేను గట్టిగా నమ్ముతాను. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ నిర్వహించిన రోబోట్ వార్స్ పోటీ తర్వాత దీనిని ఇంటింటికీ చేర్చింది టెలివిజనే. అయితే ఛానళ్ల దయపై బతికే ఆటకు భద్రత ఉండదు. 2002లో ఆగిన అమెరికా రోబో పోరు టీవీ కార్యక్రమం బాటిల్‌బాట్స్ మళ్లీ తెరకెక్కడానికి 2015 వరకు పట్టింది.

నా దృష్టిలో అసలు చిక్కు ఉమ్మడి నియమాలు లేకపోవడమే. బాటిల్‌బాట్స్‌లో హెవీవెయిట్ పరిమితి 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు కాగా, 2016లో బ్రిటన్‌లో పునఃప్రారంభమైన రోబోట్ వార్స్ టీవీ కార్యక్రమంలో అది 110 కిలోలుగా ఉండేది; ఐఐటీ బొంబాయి సాంకేతిక ఉత్సవం టెక్‌ఫెస్ట్‌లో ప్రధాన విభాగం 60 కిలోలు. కాబట్టి దేశం మారితే కొన్నిసార్లు యంత్రాన్నే కొత్తగా నిర్మించుకోవాలి. పైగా లిథియం బ్యాటరీలను విమానంలో పంపడంపై కఠిన ఆంక్షలున్నాయి; ఎగిరే ఉక్కు తునకలను ఆపగల పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ గోడల బరి నిర్మించడం ఖరీదైన పని.

ఇన్ని అడ్డంకుల మధ్య బ్రెజిల్ విశ్వవిద్యాలయ జట్టు రియోబాట్జ్ తన మినోటార్ అనే రోబోతో అమెరికా బరిలో అభిమానులను సంపాదించుకోవడం నాకెంతో గొప్పగా తోస్తుంది.

అందుకే ప్రపంచ పోటీలు భారీ యంత్రాలతో కాక, సూట్‌కేసులో పట్టే మూడు పౌండ్ల తరగతితో మొదలవ్వాలని నా అభిప్రాయం. అంత చిన్న రోబోను మన ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు కూడా సొంత ఖర్చుతో తయారుచేసుకోగలరు.