క్యూ పామ్ హౌస్‌లో మొవ్వు దాకా

లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ చూడాలనుకున్నది ముఖ్యంగా పామ్ హౌస్ కోసమే, అంటే పామ్‌లు అనే తాటి, కొబ్బరి కుటుంబపు చెట్లుండే గాజు మేడ కోసమే. బయట కోటు వేసుకున్నా వణికించే చలి. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే కళ్లద్దాలను ఆవిరి కమ్మేసింది, తడిమట్టి వాసన ముక్కుకు తగిలింది. 1844-48 మధ్య డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ ఇనుముతో, గాజుతో కట్టిన మేడ ఇది. ఉష్ణమండలపు చెట్లు ఆ చలిదేశంలో బతకడానికి తొలినాళ్లలో నేలమాళిగలో బొగ్గు బాయిలర్లు మండించేవారట.

1775లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఇప్పటికీ కుండీలోనే ఉన్న ఒక సైకాడ్ అనే ప్రాచీన జాతి మొక్క కూడా ఇక్కడుంది. చూపుకు పామ్‌లాగే ఉంటుంది గానీ ఆ కుటుంబమే వేరు.

కింద నడుస్తున్నంతసేపూ మానులే కనిపించాయి. మెలికల మెట్లెక్కి పై నడవలోకి చేరాక, ఎప్పుడూ తలెత్తి చూసే చెట్లను మొదటిసారి తల వంచి చూశాను. మట్టల నడుమ, ఇంకా విచ్చుకోని ఆకు ఈటెలా నిటారుగా నిలబడి ఉంది. దాని అడుగున, కొత్త ఆకులు పుట్టే మొవ్వులోనే ఆ చెట్టు ప్రాణమంతా. మామిడిని నరికితే పక్కనుంచి చిగురు వేస్తుంది. ఒంటిమాను పామ్‌కు మొవ్వు పోతే అంతే. ఎత్తు పెరిగిందని తల కొట్టేయడం దీనికి కుదరదు.

అదే తోటలో, సమశీతోష్ణ ప్రాంతాల మొక్కలుండే మరో గాజు మేడ టెంపరేట్ హౌస్‌కు వెళ్లినప్పుడు ఆ మాట మరింత బలంగా తాకింది. 1840లలో చిలీ నుంచి తెచ్చిన విత్తనంతో పెరిగిన వైన్ పామ్ ఒకటి అక్కడ 19 మీటర్లు దాటి పైకప్పును అందుకుంది. తల తీయలేరు, అంత మానును కదిలించలేరు. 2013లో మొదలైన మరమ్మతుల కాలంలో దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. అది ఉండేదన్న వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అందుకే ఇంట్లో పెట్టుకునే పామ్‌ను దాని నేటి అందం చూసి ఎంచుకోకూడదంటాను. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవి నుంచి వచ్చిన కెంటియా పామ్ మెల్లగా పెరుగుతుంది, నీడకు ఓర్చుకుంటుంది. గదికి అదే నా మొదటి ఎంపిక. గుబురుగా పిలకలు వేసే అరెకా పామ్‌కు కిటికీ పక్కన మంచి వెలుతురు కావాలి. గాలి మరీ పొడిబారితే ఆకుల అడుగున రసం పీల్చే సన్నని నల్లి పురుగు చేరుతుంది, అప్పుడప్పుడు నీళ్లతో కడగాలి.

20 మీటర్లు దాటే రాయల్ పామ్‌కు మాత్రం ఆరుబయటే చోటు. వేడి ప్రాంతాల తోటల్లో అది హాయిగా ఎదుగుతుంది. నాటేటప్పుడు మాను మొదలును లోతుగా పూడ్చవద్దు. కుండీలో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతే. మేకులు కొట్టవద్దు, పామ్ మానుకు తగిలిన గాయం పూడదు. పసుపు తిరిగిన కింది మట్టలను వెంటనే కోసేయకండి. నేలలో పొటాషియం చాలనప్పుడు చెట్టు ఆ ముదురు మట్టల్లోంచే దాన్ని లాగి కొత్త ఆకుకు పంపుతుంది. వాటిని కోస్తే ఆ లోటు పై మట్టలకు పాకుతుంది. పూర్తిగా ఎండాకే తీయాలి.