కప్పు పగిలిందా, పగలగొట్టావా?

హనుమకొండలో మా మేనకోడలికి పదో తరగతి ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్నాను. నిన్న సాయంత్రం సకర్మక, అకర్మక క్రియల దగ్గర బండి ఆగిపోయింది. అంతలో దాని మోచేయి తగిలి టీ కప్పు కింద పడింది. "పగిలింది మామయ్యా" అంది, తనకేమీ సంబంధం లేనట్టు! "పగలగొట్టావు" అన్నాను. పాఠం అక్కడే దొరికింది. తెలుగులో పగలడం వేరు, పగలగొట్టడం వేరు. ఇంగ్లీషులో రెండింటికీ 'బ్రేక్' ఒక్కటే. క్రియ తరువాత కర్మ ఉంటే సకర్మకం, లేకపోతే అకర్మకం. "ద కప్ బ్రోక్" అంటే చేసినవారు తప్పించుకున్నట్టే.

ఉపవాక్యాల దగ్గర మాత్రం ఇద్దరికీ చెమటలు పట్టాయి. "భద్రకాళి గుడి దగ్గర కలిసిన అమ్మాయి" అని మనం అమ్మాయిని చివరికి తెస్తాం. ఇంగ్లీషు ఆమెను ముందే నిలబెట్టి, 'హూ' తగిలించి, మిగతా కథ తరువాత చెబుతుంది. ఈ తిరకాసు నాకు ఒంటబట్టింది డిగ్రీ అయ్యాకే. బడిలో నిర్వచనాలు బట్టీ పట్టించారు, అంతే.

ముక్కలు ఎత్తుతూ అక్క అడిగింది: "ఎవరే పగలగొట్టింది?"

మేనకోడలు తడుముకోకుండా "ద కప్ బ్రోక్" అంది.